ప్లేస్కూల్లో ఏడాదిన్నర పనిచేస్తే పెద్దవాళ్ళతో మాట్లాడటం మర్చిపోతామా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇంజనీరింగ్ చదివారు, ఏడాదిన్నరగా ప్లేస్కూల్లో రెండు మూడేళ్ళ పిల్లల క్లాసు చూస్తున్నారు. ఇంట్లో భోజనాల దగ్గర మామగారిని "చేతులు కడుక్కున్నామా?" అని అడిగేసరికి అందరూ ఘొల్లున నవ్వారు. బ్యాంకులో క్లర్కు పాస్‌బుక్ ప్రింట్ చేసి ఇస్తే "వెరీ గుడ్!" అనేశారు. మొన్న ఫోన్ ఇంటర్వ్యూలో "కోఆర్డినేట్ చేశాను" అనాల్సిన చోట మాట దొరక్క "అందరం కలిసి చక్కగా చేశాం" అన్నారు. మధ్యలో ఒక్క లైను, రెండు నెలలుగా సాయంత్రానికి గొంతు బొంగురుపోతోందని. నా భాష పోతోందా, ఉద్యోగం మానెయ్యాలా అన్నది మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ భాష ఎక్కడికీ పోలేదు, ఉద్యోగం మానక్కర్లేదు. పిల్లలతో ఎక్కువ మాట్లాడటం వల్ల మాట పాడవదు. పెద్దవాళ్ళతో మాట్లాడటం తగ్గిపోతే మాత్రం మాట మొద్దుబారుతుంది. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ, దేనికి దాని మందు వేరు. గొంతు సంగతి మళ్ళీ వేరే, దానికి చివర్లో వస్తాను.

నేనీ పనిలోకి వచ్చి ఇరవై మూడేళ్ళు. మొదట విజయవాడలో ఒక నర్సరీ స్కూలు, తర్వాత పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక చిన్న క్రెష్ నడుపుతున్నాను. ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళ దాకా పిల్లలు, ఇప్పుడు ఇరవై ఆరుగురు. భాషాశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. కానీ మీకొచ్చిన భయమే ఒకప్పుడు నాకూ వచ్చింది కాబట్టి, దీని మీద ఏం దొరికినా చదువుతూ వచ్చాను.

నా పరువు పోయింది బ్యాంకులో కాదు, మండలాఫీసులో. పనిలో చేరిన మూడో ఏడు. నాన్నగారి పొలం కాగితాల కోసం తమ్ముడితో కలిసి వెళ్ళాను. గంటన్నర నిలబెట్టాక గుమాస్తా కాగితం ముందుకు లాక్కుంటే, నా నోట్లోంచి "సంతకం పెట్టామా?" అని వచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన సంతకం పెట్టగానే "పెట్టేశాం!" అని జవాబు కూడా నేనే చెప్పి, రెండు చేతులూ ఎత్తాను. చప్పట్లు కొట్టకుండా తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టినా "పెట్టేశాం" అంటారు.

ఆ రోజు నవ్వుకున్నా, తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. మనలో మొదట మారేది పదాలు కాదు, క్రియలు. పెద్దవాళ్ళ తెలుగు ఎలా నడుస్తుందో చూడండి: "పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, నాలుగు మెతుకులు తిని, బస్సెక్కి, ఇదిగో ఇప్పుడే దిగాను." ఐదు పనులు, అసలు క్రియ ఒక్కటే, అదీ చివర్న. తాడు పేనినట్టు పేనుకుంటూ పోతాం. రెండేళ్ళ పిల్లవాడు ఆ తాడు చివరిదాకా పట్టుకోలేడు. అందుకని మనం ముక్కలు చేస్తాం. "లేచామా? లేచాం! మొహం కడిగామా? కడిగాం! బువ్వ తిన్నామా?" ఒక్కో పనికి ఒక ప్రశ్న, ఒక జవాబు, రెండూ మనమే. రోజుకి ఏడెనిమిది గంటలు ముక్కలు కోస్తూ కూర్చుంటే సాయంత్రం తాడు పేనమన్నప్పుడు చేతులు తడబడతాయి. ఇంటర్వ్యూలో మీకు దొరకనిది "కోఆర్డినేట్" అన్న ఒక్క మాట అనుకుంటున్నారు. నా అనుమానం, ఆ మాటను కూర్చోబెట్టడానికి కావలసిన పొడుగు వాక్యమే ఆ నిమిషానికి మీ నోట్లో లేదు.

ఇక ఆ "కడుక్కున్నామా"లో ఉన్న "మనం" సంగతి. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. పసిపిల్లల దగ్గర ఈ మనం ఇంకో వేషం వేస్తుంది. "మనం పాలు తాగేశాం కదా" అంటాం, టీచరు ఒక్క చుక్క తాగి ఉండదు. అక్కడ మనం అంటే నువ్వు. కొందరు డాక్టర్లు కూడా "ఏమ్మా, జ్వరం ఎలా ఉంది మనకి?" అంటారు చూడండి, అదే. పైనుంచి అజమాయిషీ చేస్తూ, పక్కన కూర్చున్నట్టు కనిపించే మాట. పైగా నువ్వు అనాలా మీరు అనాలా అన్న చిక్కు తీరిపోతుంది, అందుకే నోటికి ఇట్టే అలవాటవుతుంది. మీ ఇంట్లోవాళ్ళు నవ్వింది పిల్లల భాషకని మీరనుకుంటున్నారు. ఆ వాక్యంలోంచి "మామయ్యా", "మీరు", "కడుక్కున్నారా" మూడూ ఎగిరిపోయాయి, నవ్వు దానికి. నవ్వారు కాబట్టి సరిపోయింది, కొన్ని ఇళ్ళలో మొహం మాడ్చుకుంటారు.

దీనికి నేను వాడే చిట్కా ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పిలుపు ముందు పెట్టండి. "మామయ్యా, మీరు..." అని మొదలుపెడితే చివర్న "కడుక్కున్నారా" దానంతటదే వస్తుంది. మన భాషలో క్రియ చివర్న ఉంటుంది గనక వాక్యం మొదట ఎవరిని కూర్చోబెట్టామో దాన్నిబట్టి తోక సర్దుకుంటుంది. పిలుపు లేకుండా మొదలుపెట్టారా, నాలిక పొద్దుటి నుంచి నడిచిన దారిలోకే పోతుంది. మా టీచర్లందరికీ చేరిన మొదటి వారమే ఇది చెప్తాను. పిల్లల తల్లిదండ్రులతో గేటు దగ్గర మాట్లాడేటప్పుడు దీని అవసరం మరీ ఎక్కువ. ఒకసారి మా టీచరొకరు ఒక తండ్రితో "రేపు డైపర్లు తెచ్చుకుందామా?" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి "ఎవరికండీ?" అన్నాడు.

రెండోది రాగం. ఇది మీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. పసివాడు కనబడితే మనిషి గొంతు పైకి లేస్తుంది, మాట సాగుతుంది. 21 సమాజాల్లో 410 మంది నుంచి తీసుకున్న 1,615 రికార్డింగులతో 2022లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అడవుల్లో ఉండేవాళ్ళు, నగరాల్లో ఉండేవాళ్ళు, అందరూ పసిపిల్లల దగ్గర గొంతు మార్చేవాళ్ళే. ఈ సాగదీతకి ప్రయోజనం ఉంది. 1997లో పాట్రీషియా కూల్ అనే ఆవిడ తన బృందంతో అమెరికా, రష్యా, స్వీడన్ తల్లుల మాటలు కొలిచి చూస్తే, పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ళ ఆ, ఈ, ఊలు ఒకదానికొకటి ఇంకా దూరం జరిగి స్పష్టంగా పలుకుతున్నాయని తేలింది. ఇంకో తమాషా, 2002లో ఆస్ట్రేలియాలో చూసింది: పెంపుడు కుక్కలు, పిల్లులతో మాట్లాడేటప్పుడు కూడా తల్లుల గొంతు పైకి లేస్తుందట గానీ అచ్చులు మాత్రం అలా విప్పి పలకరట. మాటలు నేర్చుకోబోయేది ఎవరో మన నోటికి తెలుసన్నమాట.

మన తెలుగుకి ఇందులో ఒక సదుపాయం కూడా ఉంది. అజంత భాష కదా, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ఆగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ సాగదీసుకోవచ్చు. "ఏదీఈఈ... బంతి ఏదీఈఈ..." ఇది క్లాసులో సంగీతం. ఇంటికెళ్ళి "చార్జరు ఏదీఈఈ" అంటే మీ ఆయనకి ఒళ్ళు మండుతుంది. రాగం జారకుండా ఉండటానికి నాకు పనిచేసింది ఒక్కటే. స్కూలు నుంచి ఇంటికి మధ్య ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఫోన్ కూడా ఎత్తను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కండక్టర్ గొంతు వింటాను, వెనక సీట్లో ఎవరో కోడలి మీద పితూరీలు చెప్తుంటే వింటాను. దిగేసరికి నా చెవి పెద్దవాళ్ళ చెవి అయిపోయి ఉంటుంది, నోరు దాని వెనకే వస్తుంది.

పదాల గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు గానీ వాటి బాధ తక్కువ. బువ్వ, బజ్జో, లాల, బొజ్జ, జోజో, తాయిలం, బూచాడు... చూడండి, చాలావరకు పెదవుల మీదా పళ్ళ దగ్గరా తేలిగ్గా పలికే అక్షరాలు, కొన్నిటిలో ద్విత్వం. పిల్లల నోటికి సరిపడేట్టు మన ముందు తరాలవాళ్ళు చెక్కి పెట్టిన మాటలు. ఇవి పెద్దవాళ్ళ మధ్య జారినా ముద్దుగానే తీసుకుంటారు. అసలు బువ్వ పిల్లల మాట అనుకోవడమే మా కృష్ణా జిల్లా వాళ్ళ అజ్ఞానం. హైదరాబాద్ వచ్చిన కొత్తలో మా క్రెష్‌లో వంట చేసే ఆవిడ, మెదక్ వైపు మనిషి, "మేడం, బువ్వ తిన్నరా?" అని అడిగితే నన్ను చిన్నపిల్లని చేసి మాట్లాడుతోందని నొచ్చుకున్నాను. తెలంగాణ ఊళ్ళలో, అటు రాయలసీమలో పెద్దవాళ్ళు పెద్దవాళ్ళనే బువ్వ తిన్నారా అని అడుగుతారని తర్వాత తెలిసింది.

నన్నడిగితే మన మాటని నిజంగా పాడుచేసేది ఇంకోటుంది. దాన్నెవరూ పట్టించుకోరు, పైగా దానికే ఫీజులు కడతారు. "బ్యాగ్ కీప్ చెయ్. లైన్‌లో స్టాండ్ చెయ్. వాటర్ డ్రింక్ చేశావా? హ్యాండ్స్ వాష్ చేస్కో." ఇది తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ఇంగ్లీషు మాటకి "చెయ్" తగిలిస్తే అదే ఇంగ్లీషు మీడియం. పిల్లవాడికి పెట్టు, నిలబడు, తాగు, కడుక్కో అనే నాలుగు మాటలు రాకుండా పోతాయి. మనకి అంతకంటే నష్టం. తెలుగు క్రియలు ఒక్కొక్కటే అటకెక్కి, చివరికి మిగిలేది "చెయ్" ఒక్కటే. మా దగ్గరకి వేరే చోట్ల పనిచేసి వచ్చిన అమ్మాయిలు ఇంట్లో కూడా "కర్రీ కట్ చేసి కుక్ చేసి సర్వ్ చేశా" అని మాట్లాడటం విన్నాను. బువ్వ, బజ్జో ఒక్క నెల సెలవులో వదిలిపోతాయి. ఈ "చెయ్" వదలదు. అందుకే మా దగ్గర ఒక నియమం: ఇంగ్లీషు మాట్లాడితే పూర్తి వాక్యం ఇంగ్లీషులో, తెలుగైతే పూర్తి వాక్యం తెలుగులో. ఈ నియమం వల్ల ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు కూడా. సరే, అది వేరే గొడవ.

ఇప్పుడు మాట దొరకకపోవడం సంగతి. మెదడులో ఈమధ్య వాడిన మాటలు ముందు వరసలో ఉంటాయి, చాలాకాలం వాడనివి వెనక్కి జరుగుతాయి. అంతకుమించి పెద్ద రహస్యం లేదు. మన ఇళ్ళలో అటక మీద గంగాళం ఉంటుంది చూశారా, ఏ పెళ్ళికో దింపుతాం. దింపగానే నల్లగా ఉంటుంది, చింతపండు వేసి తోమితే మెరుస్తుంది. మీ "కోఆర్డినేట్" అటక మీదే ఉంది. ఇంటర్వ్యూ రోజున, గెస్టులొచ్చాక, నిచ్చెన వేసి దింపబోయారు. అంతే జరిగింది.

పిల్లల వల్ల కాదు, పెద్దవాళ్ళు లేక అని మొదట్లో అన్నాను కదా. అలా ఎందుకంటున్నానో చెప్తాను.

నా దగ్గర ఒకే క్లాసులో, ఒకే గంటలు, ఇద్దరు టీచర్లు మూడేళ్ళు పనిచేశారు. ఒకావిడది ఉమ్మడి కుటుంబం, చీటీల పంచాయితీ నుంచి ఆడబిడ్డ పెళ్ళి కట్నాల దాకా రోజూ ఏదో ఒక వాదన. పైగా దూరవిద్యలో బీఈడీ చదివేది. రోజంతా పిల్లలతో "చిట్టి చిలకమ్మా" పాడి, సాయంత్రం లాయరులా మాట్లాడేది. రెండో అమ్మాయి ఒంటరిగా హాస్టల్లో ఉండేది. ఇక్కణ్ణించి వెళ్ళి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పడుకునేది. ఏడాది తిరిగేసరికి నాతో సెలవు అడగడానికి కూడా ఆ అమ్మాయికి మాటలు వచ్చేవి కావు. "మేడం, రేపు... ఊరు... అమ్మ దగ్గరికి..." అని ఆగిపోయేది. అది సిగ్గు కాదు, చేరినప్పుడు గలగలా మాట్లాడిన పిల్లే. ఇద్దరూ ఒకే పిల్లలతో ఒకే పాటలు పాడారు. తేడా అంతా సాయంత్రాల్లోనే ఉంది.

ఇంకో కేసు మా అక్క. అమెరికాలో, డల్లాస్‌లో, కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే రెండేళ్ళ మనవణ్ణి చూసుకోవడానికి ఆర్నెల్లు వెళ్ళింది. మన తల్లులు, అత్తలు ఎంతమంది వెళ్తున్నారో మీకు తెలుసు. కారు లేనిదే గడప దాటలేని చోట, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా వాడూ ఈవిడా ఇద్దరే. ఈవిడ తెలుగులో మాట్లాడుతుంది, వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. తిరిగొచ్చాక ఏలూరులో మా బావగారు అన్నం తిని చెయ్యి కడుక్కోబోతుంటే రెండు అరచేతులూ తిప్పి "ఆల్ డన్?" అని అడిగింది. టమాటా కింద పడితే "అయ్యో" పోయి "ఓ ఓ!" వచ్చింది. బావగారు కంగారుపడి, మతిమరుపు జబ్బేమోనని నాకు ఫోన్ చేశారు. అక్కని అడిగితే ఒక్క మాట అంది: "ఆర్నెల్లపాటు ఒక్క మనిషితో ఒక్క చాడీ చెప్పుకోలేదే." పక్కింటావిడా, పాలవాడూ, ఫోన్లో నేనూ కలిసి రెండు వారాల్లో అక్కని మళ్ళీ అక్కని చేశాం.

మా క్రెష్‌లో ఒక ఆయా ఉండేది, శ్రీకాకుళం మనిషి, అరవై దాటినావిడ. ఆవిడ గొంతు ఎప్పుడూ మారేది కాదు. ఏడుస్తున్న ఏడాదిన్నర పిల్లతో కూడా "ఏటమ్మా, ఏటయింది? మీ అమ్మ ఆఫీసుకెళ్ళింది, సాయంత్రానికి వచ్చేస్తాది, ఈలోగా మనం ఆ కాకిని చూసొద్దాం పద" అని మొత్తం కథ చెప్పేది. పిల్లలు నోరు మూసి వినేవాళ్ళు. నెల తిరిగేసరికి క్లాసంతా "ఏటి?", "వచ్చేస్తాది" మొదలుపెట్టింది. టీచర్లకీ అంటుకుంది, నాకూ అంటుకుంది. కొందరు తల్లిదండ్రులు యాస పాడైపోతోందని ఫిర్యాదు చేశారు. మా క్రెష్‌లో అందరికంటే మంచి తెలుగు ఆవిడదేనని చెప్పి పంపించాను. అంటుకునే గుణం మాటకి ఎప్పుడూ ఉంటుంది. మన చుట్టూ ఎవరున్నారో వాళ్ళ మాట మనకొస్తుంది, వాళ్ళ వయసుతో పనిలేదు.

ఒక్కచోట మాత్రం ఈ అలవాటు నిజంగా బాధపెడుతుంది: ముసలివాళ్ళ దగ్గర. 2016లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. అన్నం నేనే తినిపించేదాన్ని, చేతికి తెలిసిన పని కదా. "ఇదిగో, చిన్న ముద్ద, ఆఁ... గుడ్! ఇంకొక్కటి..." నాలుగో రోజు నోరు బిగించేశారు. ముద్ద తీసుకోలేదు. ముక్కలు ముక్కలుగా, కానీ స్పష్టంగా "నేను... మీ బళ్ళో... పిల్లాణ్ణి కాను" అన్నారు. నేను బయటికొచ్చి ఏడ్చాను. మా అమ్మ లోపలికి వెళ్ళి "పెరుగు ఇవాళ పులిసింది, మజ్జిగ చెయ్యమంటారా, పాలు పొయ్యమంటారా?" అంది. "పాలు" అన్నారు. తిన్నారు. అమ్మ ఆయన్ని ఒక నిర్ణయం అడిగింది. నేను నాలుగు రోజుల్లో ఒక్కటీ అడగలేదు. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో వీడియోలు తీసి పరిశీలిస్తే, మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా మాట్లాడించినప్పుడు ఎక్కువ మొండికేస్తున్నారని తేలిందని తర్వాతెప్పుడో చదివాను. జబ్బుతో మాట పోయినవాళ్ళకి కూడా ఆ రాగం గుచ్చుకుంటుంది. మీ మామగారి దగ్గర జాగ్రత్త అంటున్నది అందుకే. ఇవాళ ఆయన నవ్వారు, రేపు ఆయన మంచాన పడిన రోజు అదే మాట అంటే నవ్వరు.

అలాగని క్లాసులో మాట మార్చుకోకండి. ఇంట్లో వెక్కిరించారని బడిలో ఆఫీసరులా మాట్లాడే టీచర్లని చూశాను, పిల్లలు వాళ్ళ దగ్గరికి పోరు. రాగం ఉండనివ్వండి, పాటలుండనివ్వండి. మాటని మాత్రం విరగ్గొట్టకండి. వాడు "తాతి" అంటే మీరు కూడా "తాతి వచ్చిందా" అనొద్దు, "అవును, కాకి! కాకి వచ్చింది" అనండి. రోజులో రెండు మూడుసార్లు ఆ ఆయాలాగా ఒక పొడుగు వాక్యం చెప్పండి. వాళ్ళకి మంచిది, మీ తాడూ తెగకుండా ఉంటుంది.

మీకోసం ఏం చెయ్యాలంటే, మా దగ్గర పిల్లలు ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నిద్రపోతారు. మామూలుగా ఆ టైములో టీచర్లు గుసగుసగా మళ్ళీ పిల్లల గురించే మాట్లాడుకుంటారు. ఎవరు తిన్నారు, ఎవరు కరిచారు. హాస్టల్ అమ్మాయి సంగతి చూశాక 2018లో నేను ఒకటి పెట్టాను. ఒకరు పిల్లల దగ్గర ఉంటారు, మిగతావాళ్ళు వంటింట్లో తలుపేసుకుని కూర్చుంటారు, అరగంటసేపు పిల్లల ఊసెత్తకూడదు. బంగారం ధర, ఎలక్షన్లు, సీరియల్లో విలన్, ఏదైనా సరే. అభిప్రాయం చెప్పాలి, ఎందుకో చెప్పాలి. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ తలుపు తియ్యాలంటే నాకే భయం, అంత గట్టిగా వాదించుకుంటారు.

మీ ఇంటర్వ్యూకి ఇంకోటి. రోజుకి ఒక సంఘటన తీసుకోండి. ఇవాళ ఇద్దరు పిల్లలు ఒకే బొమ్మ కోసం కొట్టుకున్నారు, మీరేం చేశారు, ఎందుకలా చేశారు, తర్వాత ఏమైంది. దాన్ని ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేయండి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. పని, కారణం, ఫలితం ఒకే తాడులో పేనాలి. వినేటప్పుడు "చేశామా? చేశాం!" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి. నేనిలా చేయించిన అమ్మాయిల్లో చాలామందికి మూడు నాలుగు వారాల్లో తేడా వచ్చింది. ఇంకో విషయం, ఇంటర్వ్యూలో ప్లేస్కూలు పని గురించి తక్కువ చేసి చెప్పకండి. పదిహేను మంది రెండేళ్ళవాళ్ళని భోజనం దగ్గర కూర్చోబెట్టడం కంటే పెద్ద కోఆర్డినేషన్ ఏ ఆఫీసులో ఉంటుంది?

ఇక గొంతు. మీరు ఒక్క లైనులో రాసి దాటేశారు, నాకు మాత్రం ప్రశ్న మొత్తంలో అదే పెద్దగా కనబడింది.

ఒక గదిలో చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు దీన్ని గుర్తించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. టైల్స్ నేల, ఖాళీ గోడలు, తిరిగే ఫ్యాన్లు, ఇరవైమంది పిల్లలు. దాని మీద మనం, అదీ మామూలు శ్రుతికి పైన. అమెరికాలో 2004లో వచ్చిన ఒక సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్ళు టీచర్లలో సుమారు 58 శాతం, మిగతావాళ్ళలో సుమారు 29 శాతం.

నాకు 2014లో వచ్చింది. మొదట సాయంత్రం బొంగురు, తర్వాత పొద్దున కూడా, తర్వాత పై స్థాయిలో మాటే పలకలేదు. పాట ఎత్తుకుంటే గాలి మాత్రం వచ్చేది. జలుబనుకుని మిరియాల పాలు తాగుతూ మూడు నెలలు గడిపాను. చివరికి ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ ఉన్నాయన్నారు. అరచేతిలో కాయ కాసినట్టు అక్కడా కాస్తుంది. ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గింది, కానీ రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మా క్లాసు గంటతో, చప్పట్లతో, సైగలతో నడిపాను. విచిత్రంగా పిల్లలు ఎప్పటికంటే నెమ్మదిగా ఉన్నారు.

అప్పటి నుంచి గది అవతలి మూల నుంచి పేరు పెట్టి కేకెయ్యను, నడిచి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చెప్తాను. అందర్నీ పిలవాలంటే చేతిగంట. గోడలకి కర్టెన్లు, నేల మీద చాపలు వేయించాను, చప్పుడు సగం తగ్గినట్టనిపించింది. గంటకోసారి రెండు గుక్కలు నీళ్ళు. గొంతు గరగరలాడితే గట్టిగా ఖంగు ఖంగుమని సవరించుకోవడం మానేశాను. గొంతు పోయినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి కాదని, మాట్లాడకపోవడమే విశ్రాంతి అని మా థెరపిస్టు చెప్పారు. పొద్దున పనికి ముందు ఐదు నిమిషాలు పెదవులు బుర్రుమనిపిస్తూ శ్రుతి పైకీ కిందకీ తిప్పుతాను. మా ఇంట్లో దీనికీ నవ్వుతారు.

మూడు నాలుగు వారాలు దాటిన బొంగురుని ఈఎన్‌టీకి చూపించాలి. మీకు రెండు నెలలైంది. రికార్డింగులు, వాదనలు అన్నీ తర్వాత మొదలుపెట్టండి. ఈ వారంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి, స్వరతంత్రులు కెమెరాతో చూడమని అడగండి, రోజుకి ఎన్ని గంటలు ఎంతమంది పిల్లలతో మాట్లాడతారో డాక్టరుతో చెప్పండి. ఏమన్నారో వీలైతే ఇక్కడే రాయండి.